బండికి పికప్, గాలికి పక్కదారి



మేము ముగ్గురం పదకొండో తరగతి సైన్సు విద్యార్థులం. మాది పామేడు. మ్యాపులో చూస్తే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, బీజాపూర్ జిల్లా. కానీ చాలాకాలం పాటు మా ఊరికి సంత, ఆసుపత్రి, బస్సు అన్నీ చర్ల వైపే, అంటే తెలంగాణ వైపే ఉండేవి. అందుకే బడిలో హిందీ చదువుకున్నా అంగట్లో తెలుగే మాట్లాడతాం. ఈ వ్యాసం తెలుగు విభాగానికి రాయడానికి అదే కారణం.

ఇది బండ్ల గురించిన పాఠం. బండికి పికప్ ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని పెంచాలని ఒక చిన్న వాల్వును మారిస్తే ఏం జరుగుతుంది అన్నదే విషయం. ముందు ఈ పాఠం మాకెందుకు అవసరమైందో చెప్తాం.

ఆ రాత్రి

మా ఊళ్లో ఒక జీపు ఉంది. టర్బో ఉన్న డీజిల్ బండి. దాని యజమానిని అందరం మామ అనే పిలుస్తాం. పెళ్లయినా, జ్వరమైనా ఊరికి ఆ జీపే దిక్కు. రెండేళ్ల కిందట మామ ఒకటే మాట అంటుండేవాడు: “పికప్ చచ్చిపోయిందిరా. ఆక్సిలరేటర్ తొక్కితే కాసేపు ఆలోచించి కదులుతోంది.”

ఒకసారి పట్నం వెళ్లినప్పుడు ఒక షెడ్డులో చూపించాడు. అక్కడి మెకానిక్ టర్బో పక్కనున్న సన్నటి రాడ్‌ను కొన్ని చుట్లు తిప్పి పొట్టి చేశాడు. డీజిల్ పంపు స్క్రూ కూడా కాస్త తిప్పాడు. పావుగంట పని. జీపు ఎగిరి దూకినట్టు పరుగెత్తింది. వెనకాల నల్ల పొగ వచ్చేది గానీ ఎవరూ పట్టించుకోలేదు. మేమూ ఆ జీపు ఎక్కి సంబరపడినవాళ్లమే.

మూడు నెలలు గడిచాయి. వానాకాలంలో ఒక రాత్రి మాలో ఒకరి పిన్నికి నొప్పులు మొదలయ్యాయి. జీపు ఎక్కించి చర్ల వైపు బయలుదేరారు. బురదలో, ఎత్తులో ఇంజిన్‌ను గట్టిగా లాగించాల్సి వచ్చింది. సగం దారిలో వేడి ముల్లు పైకి లేచింది, బానెట్ కిందినుంచి ఆవిరి వచ్చింది, ఇంజిన్ ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయిందని తర్వాత తెలిసింది. అడవిలో గంటన్నర ఆగిన తర్వాత ఒక ట్రాక్టరు దొరికింది. ట్రాలీలో గడ్డి పరిచి పిన్నిని తీసుకెళ్లారు. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ గంటన్నర మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు.

బడికి వచ్చాక మా ఫిజిక్స్ సారుకు చెప్పాం. ఆయన మెకానిక్‌ను తిట్టలేదు. ఒకే ప్రశ్న అడిగారు: “రాడ్‌ను ఎన్ని చుట్లు తిప్పారు? తిప్పకముందు ఎంత పొడవుంది? ఎవరైనా రాసుకున్నారా?” ఎవరూ రాసుకోలేదు. మళ్లీ పాత స్థితికి తీసుకురావాలన్నా కొలత లేదు.

సారు అన్నారు: “టర్బో కొంచెం చిక్కుముడి. ముందు దాని అన్నలాంటి సూపర్‌చార్జర్‌ను, దాని బైపాస్ వాల్వును చదవండి. అందులో ఉన్నది ఒక స్ప్రింగు, ఒక రబ్బరు పొర, కొంత గాలి. మీ పుస్తకంలోని హుక్ నియమంతోనే లెక్క తేలిపోతుంది. తర్వాత జీపు దగ్గరికి రండి.” మేము అలాగే చేశాం. అదే వరసలో మీకూ చెప్తాం.

ఇంజిన్ ఊపిరి

ఇంజిన్ శక్తి ఇంధనంలోంచి వస్తుంది. ఇంధనం కాలాలంటే గాలి కావాలి. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. కాబట్టి ఇంజిన్ లోపలికి ఎంత గాలి పోతుందో, శక్తికి అదే హద్దు.

ఒక నిజమైన కారును ఉదాహరణగా తీసుకుందాం. 2002లో అమ్మకానికి వచ్చిన మినీ కూపర్ ఎస్ చిన్న కారు. ఇంజిన్ 1598 సీసీ, నాలుగు సిలిండర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లు తిరిగితేనే అన్ని సిలిండర్లూ ఒక్కోసారి గాలి పీల్చుకుంటాయి. అంటే ఒక చుట్టుకు 1598లో సగం, 799 సీసీ గాలి. మామూలు ఇంజిన్ అంతకుమించి పీల్చలేదు. ఎక్కువ శక్తి కావాలంటే ఇంజిన్‌ను పెద్దది చేయాలి, లేదా గాలిని బలవంతంగా లోపలికి తోయాలి. రెండో పని చేసేదే సూపర్‌చార్జర్.

గాలిని తోసే పంపు

ఈ పంపు మొదట కార్ల కోసం పుట్టలేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్ ఊళ్లో ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో గాలి పంపుకు పేటెంటు తీసుకున్నారు. ఇనుము కరిగించే కొలుములకు గాలి ఊదడానికి అది పనికొచ్చింది. ఒక డబ్బాలో రెండు రోటర్లు, ఒకదాని సందులోకి ఒకటి దూరుతూ ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకవైపు గాలిని పట్టుకుని రెండోవైపు వదులుతాయి. నేటికీ దాన్ని రూట్స్ బ్లోయర్ అనే అంటారు.

1885లో జర్మనీకి చెందిన గాట్లీబ్ డైమ్లర్ ఇంజిన్‌లోకి గాలిని తోసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1921లో మెర్సిడెస్ సంస్థ బెర్లిన్ ప్రదర్శనలో సూపర్‌చార్జర్ కార్లను చూపించింది. ఆ కార్లలో ఒక తమాషా ఉంది. పంపు ఎప్పుడూ తిరగదు. డ్రైవరు పెడల్‌ను అడుగుదాకా తొక్కితే క్లచ్ పట్టుకుని అప్పుడు తిరుగుతుంది. అంటే గాలిని ఎప్పుడూ తోస్తూ ఉండటం మంచిది కాదని మొదటి రోజుల్లోనే తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మన మినీ కారులో ఉన్నది ఈటన్ సంస్థ తయారుచేసిన ఎం45 అనే రూట్స్ తరహా పంపు. 45 అంటే ఒక చుట్టుకు 45 ఘనపు అంగుళాల గాలిని తోస్తుందని. మన కొలతలో అది దాదాపు 737 సీసీ. ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే బెల్టు, కప్పీల వల్ల ఈ పంపు దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది. లెక్క చూడండి:

పంపు తోసేది: 737 × 2 = 1474 సీసీ
ఇంజిన్ పీల్చేది: 799 సీసీ

ఇంజిన్ తీసుకోగలిగే దానికి దాదాపు 1.8 రెట్ల గాలి తలుపు దగ్గర నిలబడుతుంది. కొంత గాలి రోటర్ల సందుల్లోంచి వెనక్కి జారినా, మిగిలింది ఇరుక్కుని పీడనం పెరుగుతుంది. ఆ పెరిగిన పీడనాన్నే బూస్ట్ అంటారు.

పంపు బెల్టుతో ఇంజిన్‌కే కట్టి ఉంటుంది కాబట్టి తొక్కగానే స్పందించాలి. సూపర్‌చార్జర్‌కు ఉన్న మంచి పేరు అదే. మరి ఇందులో పికప్ సమస్య ఎక్కడి నుంచి వచ్చింది?

పక్కదారి ఎందుకు?

కారు ఎప్పుడూ ఎత్తు ఎక్కదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటుంది. చదును రోడ్డు మీద సాఫీగా పోతుంది. అప్పుడు ఇంజిన్‌కు గాలి కొంచెమే కావాలి. కానీ పంపు బెల్టుకు కట్టి ఉంది, ఆగలేదు. అవసరం లేని గాలిని తోస్తూనే ఉంటుంది. ఆ తోయడానికి శక్తి ఖర్చవుతుంది, గాలి అనవసరంగా వేడెక్కుతుంది.

ఎంత ఖర్చో లెక్కేద్దాం. రూట్స్ పంపుకు కావలసిన శక్తి దాదాపు ఇంత:

శక్తి = పీడన తేడా × సెకనుకు తోసే గాలి

ఇంజిన్ నిమిషానికి 2500 చుట్లు తిరుగుతుంటే, పంపు సెకనుకు తోసేది 1.474 × 2500 ÷ 60 = 61 లీటర్లు. పంపుకు ముందూ వెనకా 20 కిలోపాస్కల్ తేడా ఉందనుకోండి. శక్తి 61 × 20 = 1220 వాట్లు. అది ఒకటిన్నర హెచ్‌పీ పొలం మోటారు కంటే కొంచెం ఎక్కువే. మోటారు వేసి నీళ్లు మళ్లీ బావిలోకే వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

దీనికి మందు బైపాస్ వాల్వు. పంపు బయటి దారినీ లోపలి దారినీ కలుపుతూ ఒక పక్కదారి, ఆ దారికి ఒక చిన్న తలుపు. తలుపు తెరిస్తే, తోసిన గాలిలో ఎక్కువైనది చుట్టూ తిరిగి పంపు ముందుకే వస్తుంది. రెండు వైపులా పీడనం దాదాపు ఒకటవుతుంది. పీడన తేడా సున్నాకు దగ్గరైతే పై సూత్రం ప్రకారం శక్తి ఖర్చు కూడా సున్నాకు దగ్గరే, రాపిడికి పోయేది తప్ప. 1921 నాటి క్లచ్ చేసిన పనిని ఇప్పుడు ఈ తలుపు ఇంకా మెత్తగా చేస్తోంది.

మా ఊరివాళ్లకు పక్కదారి కొత్త కాదు. చాలా ఏళ్లపాటు పామేడు నుంచి మా జిల్లా కేంద్రం బీజాపూర్‌కు పోవాలంటే చర్ల మీదుగా తెలంగాణలోకి దిగి చుట్టూ తిరిగి మళ్లీ ఛత్తీస్‌గఢ్‌లోకి రావాల్సి వచ్చేది. తొందర లేనప్పుడు చుట్టుదారి పనికొస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నేరు దారి తెరిచి ఉండాలి. బైపాస్ వాల్వు కథంతా ఇదే: ఎప్పుడు చుట్టూ తిప్పాలి, ఎప్పుడు నేరుగా పంపాలి.

తెరిచేదెవరు, మూసేదెవరు?

ఈ తలుపును తిప్పేది డ్రైవరు కాదు. ఇద్దరు మల్లులు ఎదురెదురుగా లాగుతుంటారు.

ఒకరు స్ప్రింగు. తలుపును మూసి ఉంచాలని చూస్తుంది.

రెండోవారు వాక్యూమ్. పెట్రోలు ఇంజిన్‌లో ఆక్సిలరేటర్ వదిలితే త్రాటిల్ మూసుకుంటుంది. పిస్టన్లు పీలుస్తూనే ఉంటాయి. దాంతో గాలి వచ్చే గొట్టంలో పీడనం బయటి గాలి కంటే తగ్గిపోతుంది. ఈ తగ్గుదలే వాక్యూమ్. సన్నటి రబ్బరు గొట్టం ద్వారా ఇది ఒక డబ్బాలోని డయాఫ్రం అనే రబ్బరు పొరను లాగుతుంది. పొరకు తగిలించిన రాడ్ తలుపును తెరుస్తుంది.

ఆక్సిలరేటర్ వదిలి ఉంటే వాక్యూమ్ ఎక్కువ, తలుపు తెరిచి ఉంటుంది. తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, స్ప్రింగు గెలుస్తుంది, తలుపు మూసుకుంటుంది, బూస్ట్ వస్తుంది.

ఇప్పుడు అంకెలు పెడదాం. ఇవి ఏ కారు కొలతలూ కావు, లెక్క తేలికగా ఉండాలని మేము అనుకున్నవి.

డయాఫ్రం వైశాల్యం: 20 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి ప్రతి 1 కిలోపాస్కల్ వాక్యూమ్‌కు 2 న్యూటన్ల బలం.
స్ప్రింగు స్థిరాంకం: మిల్లీమీటరుకు 2 న్యూటన్లు.
తలుపు మూసి ఉన్నప్పుడే స్ప్రింగులో ఉన్న బిగువు: 20 న్యూటన్లు.
తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి రాడ్ కదలాల్సింది: 10 మిల్లీమీటర్లు.

తలుపు కదలడం మొదలవ్వాలంటే 20 న్యూటన్లు కావాలి, అంటే 10 కిలోపాస్కల్ వాక్యూమ్. పూర్తిగా తెరవాలంటే మరో 10 × 2 = 20 న్యూటన్లు కలిపి 40 న్యూటన్లు, అంటే 20 కిలోపాస్కల్. ఈ 10కీ 20కీ మధ్య తలుపు సగం సగంగా ఉంటుంది.

ఇక్కడే సమస్య పుడుతుంది. డ్రైవరు కొంచెం తొక్కుతాడు. తలుపు కాస్త మూసుకుంటుంది. అది మూసుకోవడంతో గొట్టంలో పీడనం పెరిగి వాక్యూమ్ ఇంకా తగ్గుతుంది. వాక్యూమ్ తగ్గడంతో తలుపు ఇంకా మూసుకుంటుంది. అనుకున్నదానికంటే ఎక్కువ తోపు ఒక్కసారిగా వస్తుంది. డ్రైవరు కంగారుపడి కాలు కొంచెం తీస్తాడు. ఇప్పుడు అంతా తిరగబడి తోపు ఒక్కసారిగా పోతుంది. బండి ఊయలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మినీ కారు నడిపేవాళ్లలో చాలామంది ఫిర్యాదు చేసింది ఈ ఊగుడు గురించే.

పికప్ పెంచాలంటే ఏం మారుస్తారు?

సాధారణంగా రెండు మార్పులు చేస్తారు.

మొదటిది స్ప్రింగు బిగువు పెంచడం. స్ప్రింగు కింద ఒక వాషరు పెడతారు, లేదా గట్టి స్ప్రింగు వేస్తారు. మన ఉదాహరణలో 5 మిల్లీమీటర్ల మందం వాషరు పెట్టామనుకోండి. హుక్ నియమం ప్రకారం బిగువు 5 × 2 = 10 న్యూటన్లు పెరిగి 30 అవుతుంది. ఇప్పుడు తలుపు తెరుచుకోవడం మొదలయ్యేది 15 కిలోపాస్కల్ దగ్గర, పూర్తిగా తెరుచుకునేది 25 దగ్గర.

దీని అర్థం ఏమిటి? ఇదివరకు తొక్కినప్పుడు వాక్యూమ్ 10కి పడిపోతేనే తలుపు పూర్తిగా మూసుకునేది. ఇప్పుడు 15 దగ్గరే మూసుకుంటుంది. పెడల్ ఇంకా తక్కువ తొక్కగానే బూస్ట్ సిద్ధం. పికప్ పెరిగింది! ఊగుడు కూడా రోజూ వాడే పెడల్ స్థానం నుంచి పక్కకు జరుగుతుంది. గమనించండి, ఊగుడు పోలేదు, జరిగింది.

మరి ఖర్చు? మూడు సందర్భాలు చూద్దాం.

ఆగి ఉన్నప్పుడు వాక్యూమ్ 60 కిలోపాస్కల్ అనుకుందాం. బలం 120 న్యూటన్లు. పాత స్ప్రింగయినా కొత్త బిగువయినా తలుపు పూర్తిగా తెరిచే ఉంటుంది. నష్టం లేదు.

పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ సున్నా. రెండింటిలోనూ తలుపు మూసే ఉంటుంది. లాభం కూడా లేదు! అంటే ఈ మార్పు ఇంజిన్ గరిష్ఠ శక్తిని ఏమాత్రం పెంచదు. శక్తి ఎంత అన్నది మారదు, ఎప్పుడు వస్తుంది అన్నదే మారుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

సాఫీగా పోతున్నప్పుడు వాక్యూమ్ 22 కిలోపాస్కల్ అనుకుందాం. బలం 44 న్యూటన్లు. ఇదివరకు 40 చాలు కాబట్టి తలుపు పూర్తిగా తెరిచి ఉండేది. ఇప్పుడు 44 నుంచి 30 తీస్తే 14 న్యూటన్లు, అంటే రాడ్ కదిలేది 7 మిల్లీమీటర్లే. పదిలో మూడు వంతుల దాకా పక్కదారి మూసుకుపోయింది. ఎక్కువసేపు ప్రయాణం చేసేది ఈ స్థితిలోనే. కాబట్టి పంపు భారం, గాలి వేడి, పెట్రోలు ఖర్చు ఇక్కడ పెరుగుతాయి.

రెండో మార్పు బలం గురించి కాదు, వేగం గురించి. వాక్యూమ్ పడిపోయిన సంగతి డయాఫ్రం డబ్బాకు సన్న గొట్టంలోంచి తెలియాలి. గొట్టం పొడవుగా, సన్నగా ఉంటే గాలి నిండటానికి సమయం పడుతుంది. అంతసేపు తలుపు ఆలస్యం చేస్తుంది. అందుకని గొట్టాన్ని పొట్టి చేస్తారు, మలుపులు తీసేస్తారు, రంధ్రం శుభ్రం చేస్తారు. స్ప్రింగును ముట్టుకోకుండానే పికప్ మెరుగుపడే దారి ఇది. ఖర్చూ తక్కువే.

దీన్ని మేము బడిలో చేసి చూశాం. రెండు 20 మిల్లీలీటర్ల సిరంజీలను సూదులు తీసేసి, ముందు జానెడు గొట్టంతో, తర్వాత పొడవాటి సెలైన్ గొట్టంతో కలిపాం. ఒక సిరంజీ పిడిని గబుక్కున లాగితే రెండోది కదలాలి. జానెడు గొట్టంతో వెంటనే కదిలింది. పొడవు గొట్టంతో తడబడి కదిలింది. గొట్టానికి గుండుసూదితో చిన్న చిల్లి పెడితే సగం కదిలి ఆగిపోయింది. ఆ చిల్లి చూసినప్పుడు మాకు అనిపించింది: బండిలో ఇలాంటి చిల్లి ఉంటే, దాన్ని చూడకుండా స్ప్రింగు మారిస్తే, రోగం ఒకటి మందు ఒకటి అవుతుంది.

వేడి సంగతి

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు కింది భాగం చేతికి కాలడం మీకు తెలుసు. అందులో కొంత రాపిడి వల్ల, కొంత గాలి నొక్కుకోవడం వల్ల. బయటి గాలి పీడనానికి 1.6 రెట్లు నొక్కితే, నష్టాలేవీ లేకపోయినా, గాలి ఉష్ణోగ్రత కెల్విన్ కొలతలో దాదాపు 14 శాతం పెరుగుతుంది.

మే నెలలో గోదావరి పక్క ఊళ్లలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. 45 డిగ్రీలంటే 318 కెల్విన్. అందులో 14 శాతం దాదాపు 45 డిగ్రీలు. పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే నిజంగా పెరిగేది 75 డిగ్రీలు. అంటే పంపులోంచి బయటికొచ్చే గాలి 120 డిగ్రీల వేడి. దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది. కానీ అది చల్లార్చేది కూడా అదే 45 డిగ్రీల ఎండగాలితో.

పెట్రోలు ఇంజిన్‌లో మరీ వేడి గాలి పోతే ఇంధనం మంట అందకముందే తనంతట తాను అంటుకుంటుంది. ఇంజిన్‌లోంచి టకటక శబ్దం వస్తుంది. దాన్ని నాకింగ్ అంటారు. అది పిస్టన్‌ను తినేస్తుంది. చల్లటి దేశంలో ఎవరో చేసుకున్న మార్పును కొలత మార్చకుండా మన ఎండలో చేయకూడదనడానికి కారణం ఇదే. బైపాస్ వాల్వు సాఫీ ప్రయాణంలో పూర్తిగా తెరుచుకోవడం పంపుకూ ఇంటర్‌కూలర్‌కూ దొరికే విశ్రాంతి. ఆ విశ్రాంతిని ఎంత తగ్గిస్తున్నామో తెలిసే తగ్గించాలి.

ఇప్పుడు జీపు దగ్గరికి

ఇంత చదివాక మామ జీపు సంగతి మాకు అర్థమైంది.

టర్బో కూడా గాలిని తోసే పంపే. కానీ దాన్ని తిప్పేది బెల్టు కాదు, పొగగొట్టంలోంచి పోయే వేడి పొగ. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లో ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. పొగ బలంగా వస్తేనే టర్బో వేగం అందుకుంటుంది. అందుకే తొక్కిన తర్వాత కాస్త ఆలస్యం సహజం. మామ “ఆలోచించి కదులుతోంది” అన్నది కొంతవరకు దీన్నే.

టర్బోకూ ఒక పక్కదారి ఉంది. దాని పేరు వేస్ట్‌గేట్. సూపర్‌చార్జర్ వాల్వు చల్లటి గాలి దారిలో ఉంటే, ఇది వేడి పొగ దారిలో ఉంటుంది. బూస్ట్ హద్దు దాటబోతే పీడనమే డయాఫ్రంను నెట్టి, రాడ్ ద్వారా ఈ తలుపు తెరుస్తుంది. కొంత పొగ టర్బోను తాకకుండా బయటికి పోతుంది. అంటే ఇది హద్దు కాపాడే తలుపు.

ఇంకో తేడా. పాత తరహా డీజిల్ ఇంజిన్లలో పెట్రోలు బండి లాంటి త్రాటిల్ ఉండదు. కాబట్టి గాలి గొట్టంలో వాక్యూమ్ రాదు. సూపర్‌చార్జర్ వాల్వు పద్ధతి తెచ్చి డీజిల్ జీపుకు పెట్టినా అది పనిచేయదు.

మెకానిక్ పొట్టి చేసింది ఈ వేస్ట్‌గేట్ రాడ్‌నే. స్ప్రింగు బిగువు పెంచినట్టే అయింది. తలుపు ఆలస్యంగా తెరుచుకుంది, బూస్ట్ హద్దు పెరిగింది. పంపు స్క్రూ వల్ల డీజిలూ పెరిగింది. కారు బైపాస్ వాల్వు బిగువు పెంచితే గరిష్ఠ పీడనం మారదని ఇందాక చూశాం. ఇక్కడ మాత్రం మారింది! సిలిండరు లోపలి పీడనం, వేడి రెండూ కంపెనీ పెట్టిన హద్దు దాటాయి. చదును రోడ్డు మీద తెలియలేదు. ఎత్తులో, బురదలో, నిండు బరువుతో లాగినప్పుడు తెలిసింది. ఒకేలా కనిపించే రెండు రాడ్లు, ఒకేలాంటి మరమ్మతు. కానీ ఒకదాన్ని తిప్పితే పికప్ సమయం మారుతుంది, ఇంకోదాన్ని తిప్పితే ఇంజిన్ ప్రాణం మారుతుంది. ఏ రాడ్ ఏ పని చేస్తుందో తెలియకుండా తిప్పకూడదన్నదే మేము నేర్చుకున్న పాఠం.

తర్వాత సెలవుల్లో మామతో కూర్చుని జీపును చూశాం. ఇంజిన్ అప్పటికే బాగుచేయించి, రాడ్, స్క్రూ కంపెనీ కొలతకు పెట్టించాడు. “మామా, మొదట పికప్ ఎందుకు తగ్గిందో చూద్దాం” అన్నాం. గాలి ఫిల్టర్ తీస్తే ఎర్రమట్టితో ఇటుకలా ఉంది. టర్బో నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చీలి ఉంది. సబ్బు నీళ్లు రాసి రేజు ఇస్తే బుడగలు వచ్చాయి. ఫిల్టర్ మార్చి, గొట్టం మార్చాం. పికప్ వచ్చింది. మామ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఈ చీలికనా మీ పిన్నిని అడవిలో కూర్చోబెట్టింది” అన్నాడు.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి. మార్చకముందు వెతకాలి. ఫిల్టర్, గొట్టాలు, క్లిప్పులు, డయాఫ్రం చిల్లి, రాడ్ బిగుసుకుపోవడం, ఈ వరసలో చూడాలి. చాలాసార్లు జబ్బు ఇక్కడే దొరుకుతుంది.

రెండు. మార్చకముందు కొలవాలి, రాయాలి. రాడ్ పొడవు, స్ప్రింగు ఎత్తు, చుట్ల సంఖ్య నోటుపుస్తకంలో ఉండాలి. వెనక్కి వెళ్లే దారి లేనిదే ముందుకు పోకూడదు.

మూడు. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

నాలుగు. కష్టమైన స్థితిలో పరీక్షించాలి. చదును రోడ్డు మీద పరుగెత్తడం పరీక్ష కాదు. ఎండలో, ఎత్తులో, నిండు బరువుతో వేడి ముల్లు ఎక్కడుందో చూడాలి.

ఐదు. చట్టం తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ కంపెనీ మొదట ఇచ్చిన నిర్దేశాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పదిమంది ఎక్కే బండికి ఇది మరీ ముఖ్యం.

మీరే చేసి చూడండి

మన ఉదాహరణలో 5 మిల్లీమీటర్లకు బదులు 2 మిల్లీమీటర్ల వాషరు పెడితే, తలుపు తెరుచుకోవడం ఎన్ని కిలోపాస్కల్ దగ్గర మొదలవుతుంది? పూర్తిగా ఎక్కడ తెరుచుకుంటుంది? 22 కిలోపాస్కల్ దగ్గర సాఫీగా పోతున్నప్పుడు పక్కదారి పూర్తిగా తెరిచి ఉంటుందా? లెక్క వేస్తే ఒక మంచి విషయం మీకే కనిపిస్తుంది: కొంచెం లాభం తీసుకుంటే నష్టం అసలు లేకుండా కూడా ఉండొచ్చు. ఆ కొంచెం ఎంతో చెప్పేది లెక్క ఒక్కటే.

మా పిన్ని కూతురికి ఇప్పుడు నడక వచ్చింది. జీపు ఎక్కడమంటే దానికి భలే సరదా. మామ జీపు డ్యాష్‌బోర్డు మీద ఇప్పుడొక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. మొదటి పేజీలో వేస్ట్‌గేట్ రాడ్ పొడవు మిల్లీమీటర్లలో రాసి ఉంది. రాసింది మేమే.